ఒక్కరోజు మీరు మొయ్యండి

"రేపు పొద్దుగాల్ల వరకు గావాలె," అని చక్రపాణి సుగంధి షర్బత్ సీసాను వంటగట్టు మీద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ గోలెం దగ్గరికి పోయాడు. మధ్యాహ్నం బువ్వకొచ్చిన వేళ. సూర్యప్రభ చేతిలో గరిటె, పొయ్యి మీద పప్పు. ఆ సీసాను ఏం చేయాలో ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన పని పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ పడలేదు కూడా. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద 'చక్రపాణి ఆర్ట్స్' అని ఆయనకో కొట్టుంది. కొట్లో కూర్చుని ఆర్డర్లు తీసుకోవడం ఆయన పని. ఇంట్లో కూర్చుని బొమ్మలు వేయడం ఈమె పని. కూర్చుని అన్నానని నిజంగా కూర్చునేదనుకునేరు! వంట అయ్యాక, గిన్నెలు తోమాక, పిల్లను బడికి పంపి అత్తగారికి మందిచ్చాక ఏమన్నా పొద్దు మిగిలితే అప్పుడు కూర్చునేది.

ఆమె చెయ్యి పోచంపల్లి చెయ్యి. తండ్రి చీరల అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు గీస్తుంటే పక్కన చేరి నేర్చుకుంది. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి విని అత్తగారు అండాలమ్మ, "మంచిదే తీయి, మావోని కొట్టుకు అక్కరకొస్తది," అంది. వచ్చింది, బాగానే అక్కరకొచ్చింది. చక్రపాణి అక్షరాలు గుండ్రంగా రాస్తాడు, పెద్ద బోర్డుకు రంగు సమంగా పూస్తాడు, కాదనను. మనిషి మొహం గీయమంటే మాత్రం దోసకాయకు కళ్ళు పెట్టినట్టు ఉంటుంది. అందుకని మొహాలన్నీ ఈమెవే. బట్టల కొట్టు మీద నవ్వే పెళ్ళికూతురూ, పళ్ళ డాక్టరు బోర్డు మీద ఇకిలించే పిల్లవాడూ, అందరూ ఈ వంటింట్లోనే పుట్టారు. జనం మెచ్చుకున్నప్పుడు చక్రపాణి మెడ కొంచెం వంచి, "ఏదో మీ దయ," అనేవాడు.

"ఏం బొమ్మ వెయ్యాలె?" అని అన్నం వడ్డిస్తూ అడిగింది.

"కొత్తపేట షర్బత్ కార్ఖానా కోటేశ్వరమ్మ లేదూ? గీ సీసకు కొత్త లేబుల్ గావాల్నంట. నీళ్ళు ఆదా చెయ్యమని దాని మీద రాయాల్నంట. కాలనీలోళ్ళందరు ఆమె మీద పడ్డరు గదా."

పడ్డమాట నిజమే. ఎనభై ఆరు ఎండాకాలం అది. ఎల్బీ నగర్ దాకా ఏ చేను చూసినా ప్లాట్ల రాళ్ళే, ప్రతి ప్లాటుకూ ఒక బోరు. బోర్లు ఒక్కొక్కటే దుమ్ము కక్కుతుంటే, నీళ్ళన్నీ షర్బత్ కార్ఖానా గుంజేస్తోందని కాలనీ మగవాళ్ళు మీటింగు పెట్టి కోటేశ్వరమ్మను నిలదీశారు. ఆమె గుంటూరు వైపు మనిషి. భర్త పోయాక కార్ఖానా తానే నడుపుతోంది. 'నా వాడకం నేను తగ్గిస్తా, మీ వాడకం మీరు తగ్గించండి, ఆ ముక్క నా సీసా మీదే వేయిస్తా,' అని మీటింగులోనే చెప్పిందట.

"ఒకామె నల్లా కాడ ముచ్చట్లు పెట్టుకుంట నిలబడాలె," చక్రపాణి ముద్ద కలుపుతూ చెప్పాడు. "బిందె నిండి నీళ్ళు కారిపోతుండాలె. కింద, 'గృహిణులారా, నీటిని వృథా చేయకండి' అని. మాటర్ నేనే రాసిన. ఎట్లున్నది?"

"ఆడామెనే ఎందుకు?"

"నీళ్ళ కాడ మొగోళ్ళుంటరా ఏంది? నువ్వు గూడ గమ్మతి మాటలు మాట్లాడ్తవ్!" అని నవ్వి, చెయ్యి కడగడానికి చెంబెడు నీళ్ళు చాలక రెండో చెంబు అడిగాడు.

సూర్యప్రభ రెండో చెంబూ ఇచ్చింది. ఇచ్చింది కానీ ఆ మాట మాత్రం లోపలికి దిగలేదు. నీళ్ళ కాడ మగవాళ్ళుండరు, నిజమే. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఏ పూట వస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని కాలనీలో ప్రతి ఇంట్లోనూ నల్లా తిప్పి వదిలేసి కింద రేకు బకెట్టు పెడతారు, నీళ్ళు పడితే చప్పుడవుతుందని. ఆ చప్పుడు ఆడవాళ్ళ చెవులకే వినిపిస్తుంది, అదేం చిత్రమో! చక్రపాణి పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నా వినబడదు. ఈమె స్నానంలో ఉన్నా, దొడ్లో ఉన్నా, గుమ్మం బయట కూరగాయలు బేరమాడుతున్నా వినాలి, పరుగెత్తాలి. వెళ్ళేలోపు బకెట్టు నిండి మోరీ పాలైతే, "ఇంట్ల ఆడదుండి గూడ నీళ్ళు మోరీల కలిస్తే ఇగ ఏం సంసారం?" అని అండాలమ్మ మంచం మీంచే అంటుంది. కింద నల్లా, పైన పోర్షన్. మెట్లెక్కి మోసిన నీళ్ళను ఈమె ఎలా వాడుతుందో ఎవరికి తెలుసు? బియ్యం కడిగిన నీళ్ళతో పప్పు కడుగుతుంది, పప్పు కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకు పోస్తుంది, బట్టలు జాడించిన నీళ్ళతో బండలు తుడుస్తుంది. ఆదివారం వచ్చిందంటే చక్రపాణి అదే గోలెంలోంచి తోడి స్కూటరు కడుగుతాడు, పాట పాడుకుంటూ. ఇప్పుడు ఆ మనిషి గృహిణులారా అని నీతి చెబుతాడు, ఆ నీతికి బొమ్మ ఈమె వేయాలి. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. పెళ్ళయిన కొత్తలో ఇట్లా మండితే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఏడుపు రాలేదు, చెయ్యి దురద పెట్టింది.

ఆయన మళ్ళీ కొట్టుకు పోయాక సీసా చేతిలోకి తీసుకుంది. కొలత తెలియాలంటే పాత లేబుల్ ఊడదీయాలి. గోటితో గీకింది, రాలేదు. మైదా పిండిలో మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు మరి, ఊరికే ఎందుకొస్తుంది? బకెట్టులో సగం నీళ్ళు పోసి నానబెట్టింది. నానిన కాగితం పైపొర ఊడింది, జిగురు ఊడలేదు. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి, పీచుతో రుద్దితే గానీ గాజు కనిపించలేదు. మెట్లెక్కి మోసుకొచ్చిన నీళ్ళు! ఒక్క సీసాకు ఇంతయితే, ఇళ్ళ నుంచి తిరిగొచ్చే వందల సీసాలకు కార్ఖానాలో ఎంత కావాలి? లేబుల్ మీద నీళ్ళు దాచమని రాసి, ఆ లేబుల్ ఊడదీయడానికే తొట్టెలు తొట్టెలు పారబోస్తారన్నమాట. ఆమెకు ఒక్కసారి నవ్వొచ్చింది, పక్కగదిలో పడుకున్న అత్తగారు, "ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అని అడిగేంత గట్టిగా.

"ఏం లేదత్తమ్మా, మీరు పండుకోండ్రి."

లేబులే వద్దు. అట్ట ముక్క కోసి, పైన చిల్లు పెట్టి, దారంతో సీసా మెడకు కట్టింది. చీరల మూటకు డిజైన్ చీటీ కట్టేది పుట్టింట్లో ఇట్లాగే. తడపకుండా, గీకకుండా, దారం లాగితే ఊడొస్తుంది. ఇక అట్ట మీద బొమ్మ. నల్లా దగ్గర ఆడామెను గీద్దామని పెన్సిల్ పెట్టిందా, ఒక్క గీతకే చెయ్యి ఆగిపోయింది. అట్ట తిరగేసింది. ఈసారి పెన్సిల్ తనంతట తానే నడిచింది. లుంగీ పైకి దోపిన మగవాడు. రెండు చేతుల్లో రెండు నిండు బకెట్లు. మెట్ల మీద ఒక కాలు పైన, ఒక కాలు కింద. మెడ నరాలు తేలాయి, నుదుట చెమట కారుతోంది. ఒక్క చుక్క కూడా తొణకకూడదని కళ్ళు బకెట్ల మీదే ఉన్నాయి. మీసాలు గీసి, రంగు వేసి, కింద రాసింది: 'అయ్యా, ఒక్కరోజు మీరు మొయ్యండి. నీళ్ళ విలువ అదే తెలుస్తుంది.'

రాశాక అట్టను దూరంగా పట్టుకుని చూసుకుంది. ఆయన చూస్తే చింపేస్తాడు. అడిగిన బొమ్మ కూడా ఒకటి గీసి పక్కన పెట్టాలనుకుంది. ఇంతలో నల్లా చప్పుడైంది, పరుగెత్తింది. తర్వాత బడి నుంచి పిల్ల వచ్చింది, తర్వాత వంట. రెండో బొమ్మ గీయనే లేదు.

పొద్దున చక్రపాణి హడావుడిగా వచ్చి, సీసాను అట్టతో సహా పేపర్లో చుట్టుకుని స్కూటరెక్కాడు. చూడలేదు. ఆమె గీసినదాన్ని ఆయన ఏనాడూ చూసి తీసుకుపోలేదు. మంచి కూర తిని బాగుందని చెప్పడం ఎట్లా మరిచిపోతాడో ఇదీ అట్లాగే. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. ఆ పొద్దున మాత్రం చూడకపోవడమే మేలనిపించి, దేవుడి పటానికి చెయ్యెత్తి మొక్కింది.

మధ్యాహ్నం ఆయన వచ్చీ రాగానే, "మొగోణ్ణి గీసినవేందే? నా పానం పోయినంత పనైంది!" అన్నాడు. మొహంలో కోపం సగం, సంబరం సగం. "పేపర్ ఇప్పంగనే ఆమె కార్ఖానా అంత ఇనవడేటట్టు నవ్వింది. లేబుల్ లేకుంట దారం కట్టుడు మస్తు తెలివి అన్నది. తొట్లల్ల కాగితాలు నానబెట్టే బాధ తప్పుతది, సగం నీళ్ళు మిగుల్తయ్ అన్నది. మొత్తం సీసలకు గివే అట్టలు గావాల్నంట!"

"ఎవరు గీసిండ్రని అడిగిందా?"

"అడిగింది. నేనే ఆలోచన చేసిన అన్న." అట్లా అంటూ ఆయన పీట వాల్చుకున్నాడు. "చారు లేదా?"

చారు ఉంది. పోసింది. పోనీలే, నేను గీసిన బకెట్ల మనిషి బయటికి పోయాడు, నాకదే చాలు అనుకుంది. చాలదని ఆమెకు తెలుసు. తెలిసినా అట్లా అనుకోవడం అలవాటైపోయింది.

అట్టలు అచ్చయ్యాయి. సీసాల మెడల్లో వేలాడుతూ మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ చౌరస్తా దాకా కిరాణా కొట్లకు పోయాయి. ఆ తర్వాత జరిగినది ఎవరూ అనుకున్నది కాదు. షర్బత్ కలుపుకుని తాగాక అట్టను పారేయాలి కదా? ఆడవాళ్ళు పారేయలేదు. దారం ఉంది కదా అని తీసుకెళ్ళి నల్లాకు కట్టారు. కొందరు బకెట్టు పిడికి కట్టారు. పక్క పోర్షన్ శివమ్మ అయితే మొగుడి తువ్వాలు వేలాడే మేకుకే తగిలించింది. "పొద్దుగాల్ల తువ్వాల కోసం చెయ్యి పెట్టిండు, చేతికి అట్ట తగిలింది. సదివిండు. నన్ను జూసిండు. ఒక్క మాట మాట్లాడకుంట బకెట్లు పట్టుకొని దిగిండు అక్కా!" అని శివమ్మ చెబుతూ చెబుతూ మెట్ల మీద కూలబడి నవ్వింది. "రెండుసార్లు ఎక్కి దిగినంక ఆయాసం. గా రోజు సగం బకెట్ తోనే తానం అయిపోయింది. స్కూటర్ తడిగుడ్డతోని తుడిసిండు."

మోసిన మనిషి పారబోయలేడు. అంత చిన్న సంగతి. సూర్యప్రభ ఆ నవ్వులో తనూ కలిసింది. కానీ అది నేనే గీశానే అని శివమ్మతో చెప్పలేకపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది ఆమెకు.

అన్ని ఇళ్ళలోనూ నవ్వులు పూయలేదు లెండి. ఒక ఆదివారం ఆమె అన్నం క్యారియర్ తీసుకుని కొట్టుకు పోయేసరికి ముందు నలుగురైదుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు మట్టయ్య పటేల్. ఒకప్పుడు ఆ చేలన్నీ ఆయనవే, ఇప్పుడు ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. ఆయన వెంచర్ల బోర్డులు రాయడమే చక్రపాణికి ఏడాది పొడుగునా పని. కోటేశ్వరమ్మ కూడా ఉంది. ఇంకో విడత అట్టలకు ఆర్డరు ఇద్దామని వచ్చి, ఆ గొడవ చూసి రిక్షా దిగకుండానే కూర్చుంది.

మట్టయ్య అట్ట ఒకటి చక్రపాణి మొహం ముందు ఆడించాడు. "ఎవడు గీసిండ్రా గిది? మా కోడలు పొద్దుగాల్ల నా చేతుల బకెట్ పెట్టింది. నా చేతుల! నేను నీళ్ళు మోసేటోని లెక్క కనబడ్తున్ననా? మొగోళ్ళ ఇజ్జత్ తీసినవ్ గదరా!"

"పటేలా, జర ఇనుండ్రి..."

"ఏం ఇనాలె? మీసం జూడు, అచ్చం నీ మీసమే! నువ్వు ఇంట్ల బిందెలు మోస్తే మోసుకో, ఊరందరికి ఎందుకు సాటిస్తున్నవ్? ఇగ నా బోర్డులు నీకియ్య."

చుట్టూ ఉన్నవాళ్ళు అట్టలో మీసాన్నీ చక్రపాణి మీసాన్నీ మార్చి మార్చి చూసి ఫక్కున నవ్వారు. సూర్యప్రభ కూడా అప్పుడే చూసింది. నిజమే సుమా! ఆ వంపూ, ఎడమవైపు కాస్త పలచనా... తెలియకుండానే చెయ్యి ఆయన్నే గీసింది. పళ్ళు బిగబట్టి నవ్వు ఆపుకుంది. చక్రపాణి మొహం పాలిపోయింది. బోర్డులు పోతున్నాయి, పరువు పోతోంది. చుట్టూ చూశాడు. క్యారియర్ పట్టుకుని నిలబడ్డ భార్య కనిపించింది. చెయ్యి చాపి ఆమెను చూపించాడు.

"నేను గీయలే పటేలా! మా పిల్ల మీద ఒట్టు, గా అట్ట నేను గీయనే లేదు. మా ఇంటిది గీసింది. బొమ్మ ఆమెదే, రాత ఆమెదే. నాకేం తెల్వది!"

అందరూ తిరిగి చూశారు. తొమ్మిదేళ్ళు. ఆ మాట కోసం ఆమె ఎన్నిసార్లు ఎదురుచూసింది, పళ్ళ డాక్టరు మెచ్చుకున్నప్పుడు, బట్టల షావుకారు తీపి డబ్బా పంపినప్పుడు! అప్పుడు రాని మాట ఇప్పుడు వచ్చింది, నేరం నెట్టేయడానికి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలేమో, అనుకుంది. చిత్రంగా, సిగ్గనిపించలేదు. బిందె దించాక భుజానికి ఎట్లా ఉంటుందో అట్లా తేలిగ్గా అనిపించింది. హమ్మయ్య, చెప్పేశాడు. ఎట్లా అయితేనేం, చెప్పేశాడు! క్యారియర్ బల్ల మీద పెట్టి కొంగు సర్దుకుంది.

"అవును పటేలా, నేనే గీసిన," అంది. "రాసింది అబద్ధమైతే చెప్పుండ్రి, తీసేస్త."

మట్టయ్య నోరు తెరిచాడు. అబద్ధమనడానికి లేదు, నిజమనడానికి మనసొప్పదు. ఆడమనిషితో నడిబజార్లో కొట్లాట ఏం బాగుంటుంది? "గిది పద్ధతి కాదు," అని గొణిగి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. వెనకాల మిగతావాళ్ళూ కదిలారు.

కోటేశ్వరమ్మ అప్పుడు దిగింది రిక్షా. "ఏవయ్యా చక్రపాణీ, ఆలోచన నీదేనని చెప్పావుగా ఆవేళ?" ఆయన బల్ల మీద రంగు డబ్బాలు సర్దుతూ ఉండిపోయాడు. ఆమె సూర్యప్రభ వైపు తిరిగింది. "నీ పేరేంటమ్మాయ్? సూర్యప్రభా? రేపు కార్ఖానాకి రా. ఇకమీదట నా సీసాల మీద ఏం ఉండాలో మనిద్దరం మాట్లాడుకుందాం. మధ్యలో ఎవరూ అక్కర్లేదు."

పోవాలా వద్దా అని ఆ రాత్రంతా తన్నుకులాడిందని అనుకోకండి. హాయిగా నిద్రపోయింది. పొద్దున్నే, "అత్తమ్మా, నల్లా వస్తే మీ కొడుకును పిలువుండ్రి," అని చెప్పి బయల్దేరింది. అండాలమ్మ ఏదో అంది. మెట్లు దిగుతున్న సూర్యప్రభకు అది వినబడలేదు.

కార్ఖానాలో తొట్లు సగానికి పైగా ఖాళీగా, బోర్లించి ఉన్నాయి. కోటేశ్వరమ్మ మజ్జిగ ఇచ్చింది, ఎదురుగా కుర్చీ వేసి కూర్చోమంది. రెండో విడత అచ్చుకు పోయే బొమ్మను ముందు పెట్టి, "కింద పేరు రాయమ్మా. ఎవరు వేశారో జనానికి తెలియాలిగా," అంది. సూర్యప్రభ కుంచె తీసుకుంది. చెయ్యి అలవాటుగా 'చ' దగ్గరికి పోయింది. ఎందుకంటే ఇన్నేళ్ళూ ప్రతి బొమ్మ కిందా తోక తిప్పి 'చక్రి' అని రాసింది కూడా ఈ చెయ్యే. ఆయన సంతకం ఆయనకంటే ఆమెకే బాగా వచ్చు. తన సంతకం ఎట్లా ఉంటుందో మాత్రం తెలియదు. ఒక్క క్షణం ఆగి, బడిలో పలక మీద రాసినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది. సూర్యప్రభ. 'భ' కొంచెం వంకరపోయింది. దిద్దబోతే కోటేశ్వరమ్మ, "ఉండనీ, బాగుంది," అంది.

కొత్త అట్టలు ఇళ్ళకు చేరిన రోజు చక్రపాణి ఒకటి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మట్టయ్య మళ్ళీ బోర్డులిచ్చాడు, ఇట్లా మొహాలు గీసేవాళ్ళు ఇంకెక్కడా దొరకక. ఆ సంబరం ఆయన ముఖాన కనిపించలేదు. అట్ట మూల మీద వేలు పెట్టి చూపించాడు.

"గిదేంది? నా పేరు లేదు. నీ పేరేసుకున్నవ్?"

సూర్యప్రభ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, కోపం కూడా లేదు.

"మీరే గదా నలుగురిల చెప్పిండ్రు, నేను గీయలే, మా ఇంటిది గీసిందని. అబద్ధమాడిండ్రా?"